కనిపించని కుట్లు

శ్రోతలకు నమస్కారం.

గర్భసంచి జారడం గురించి మన ఇళ్ళలో గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. చాలామంది అసలు మాట్లాడరు. ముప్పై ఏళ్ళు స్త్రీల వార్డులో నర్సుగా పని చేశాను. పదేళ్ళు, పదిహేనేళ్ళు ఆ బాధను చీర మడతల్లో దాచుకుని, ఇక అడుగు వేయలేని స్థితి వచ్చాకే ఆసుపత్రి మెట్లెక్కిన తల్లులను ఎందరినో చూశాను. వాళ్ళలో చాలామందికి ఆపరేషన్ బాగానే జరిగేది. నాకు దిగులు కలిగించింది ఆ తరువాతి సంగతి. ఇంటికి పంపే రోజున వాళ్ళను తీసుకువెళ్ళడానికి భర్తో, కొడుకో, కోడలో వచ్చేవారు. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఇక పనులన్నీ చేసుకోవచ్చు కదమ్మా?" ఈ రోజు నా మాటలన్నీ ఆ ప్రశ్నకే జవాబు.

ఆపరేషన్‌లో ఏం చేస్తారో ముందు తెలియాలి. ఆడవాళ్ళ పొత్తికడుపు అడుగున కండరాలు, నరాల్లాంటి కట్లు కలిసి నులక మంచంలా అల్లుకుని ఉంటాయి. మూత్రసంచి, గర్భసంచి, మలాశయం ఆ అల్లిక మీదే నిలబడతాయి. కాన్పుల్లో అది సాగుతుంది. ముట్లు ఆగిన తరువాత ఇంకా బలహీనపడుతుంది. ఏళ్ళ తరబడి బరువులు, తగ్గని దగ్గు, మలబద్ధకం దాన్ని మరింత వదులు చేస్తాయి. అప్పుడు మూత్రసంచి ముందు నుంచి, మలాశయం వెనుక నుంచి, గర్భసంచి నడుమ నుంచి యోనిలోకి దిగుతాయి. కొందరికి బయటికి కూడా వస్తాయి. డాక్టర్లు వదులైన ఆ యోని గోడలను మళ్ళీ బిగించి కుడతారు. అవసరమైతే గర్భసంచిని కూడా కింది నుంచే తీస్తారు. గర్భసంచి తీసినంత మాత్రాన పని అయిపోదు, బిగించి కట్టిందే అసలు మరమ్మతు. అందుకే మీకు జరిగిన ఆపరేషన్ ఏమిటో, ఏ భాగాన్ని కుట్టారో డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి. పిల్లలు కావలసిన వయసు వాళ్ళకు గర్భసంచిని ఉంచి, పట్టీతో పైకి కట్టే పద్ధతులు ఉన్నాయి. వాటిలో ఒకటి మన దేశపు డాక్టరు శిరోద్కర్ పేరు మీద ఉంది. ఆ ఆపరేషన్‌లో పొట్ట మీద కోత ఉంటుంది. కాబట్టి పక్కింటావిడకు చెప్పిన జాగ్రత్తలు మీకు అచ్చంగా సరిపోకపోవచ్చు.

మా అక్కకు అరవై ఒకటో ఏట ఈ ఆపరేషన్ జరిగింది. నలుగురు పిల్లలు, నాలుగూ ఇంటి కాన్పులే. వెన్నుకు మత్తుసూది వేసి, కింది నుంచే గర్భసంచి తీసి, ముందు గోడా వెనుక గోడా కుట్టారు. రక్తం కారకుండా లోపల పెట్టిన గాజుగుడ్డను మర్నాడు తీశారు. మూత్రపు గొట్టాన్ని రెండో రోజు తీశారు. గొట్టం తీశాక మూత్రం సరిగా వస్తోందా, పూర్తిగా ఖాళీ అవుతోందా అని చూసి పంపారు. కొందరికి వెంటనే రాదు. అప్పుడు మరికొన్ని రోజులు గొట్టం ఉంచుతారు, దానికి కంగారుపడనక్కరలేదు.

ఇంటికి వచ్చిన అక్క మొదటి వారమంతా మంచం మీదే ఉంది. రెండో వారం వరండాలో నడిచింది. మూడో వారానికి ముఖం తేటపడింది, నొప్పి పోయింది. పద్దెనిమిదో రోజు పొద్దున బోరింగు దగ్గర నిండు బిందె ఎత్తి చంకన పెట్టుకుంది. ఆ బిందెలో పదిహేను లీటర్లు పడతాయి. అంటే నీళ్ళ బరువే పదిహేను కిలోలు. సాయంత్రానికి రక్తస్రావం మొదలైంది. నేను వెళ్ళేసరికి బావగారు గుమ్మంలో తల పట్టుకుని కూర్చున్నారు. "పొట్ట మీద చిన్న గీత కూడా లేదు కదమ్మా, మానిపోయిందనుకున్నాం" అన్నారు. ఆయన మీద నాకు కోపం రాలేదు. నిజమే, గీత లేదు. చేయి విరిగితే కట్టు కనిపిస్తుంది, అందరూ జాగ్రత్తగా చూస్తారు. ఈ కుట్లు ఎవరికీ కనిపించవు, ఆమెకు కూడా కనిపించవు. మూడో వారంలో నొప్పి పోతుంది కానీ కుట్టిన చోట కండ అప్పటికి గట్టిపడదు. దానికి మూడు నెలల దాకా పడుతుంది. కొత్తగా నులక బిగించిన మంచం మీద ఆ రోజే ధాన్యం బస్తా వేస్తామా?

అక్కను మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఒకచోట కుట్టు వదులైంది. మందులిచ్చి, మరిన్ని రోజులు పూర్తి విశ్రాంతి చెప్పారు. అదృష్టవశాత్తు అంతటితో పోయింది.

కాబట్టి కనీసం ఆరు వారాలు, వీలైతే మూడు నెలలు బరువు ఎత్తకూడదు. ఎంత బరువు అన్నది డాక్టర్లు ఒక్కో విధంగా చెబుతారు. మీ డాక్టరు చెప్పిన లెక్కే మీకు లెక్క. నేను మాత్రం ఇంట్లో వాళ్ళకు వస్తువుల పేర్లతో చెప్పేదాన్ని. నిండు గ్యాసు సిలిండర్ ముప్పై కిలోలకు దగ్గర, అది దొర్లించడం కూడా వద్దు. మంచినీళ్ళ క్యాన్ ఇరవై కిలోలు, వద్దు. తడిబట్టల బకెట్టు, బియ్యం బస్తా, గేదెల కుడితి వద్దు. చంకెక్కుతానని ఏడ్చే మనవడిని కూడా కూర్చున్నాక ఒళ్ళోకి ఎవరైనా అందించాలి. నాట్లు, కలుపు తీత లాంటి పొలం పనులు డాక్టరు చూసి సరేనన్న తరువాతే. అలాగని మంచానికి అతుక్కుపోకూడదు. మొదటి రోజు నుంచే కొద్దికొద్దిగా నడవాలి. కదలకుండా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. మంచం మీద నుంచి లేచేటప్పుడు తిన్నగా పైకి లేవకుండా, పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద ఆనుకుని లేవండి.

ఇక తిండి. ఇక్కడ మన పథ్యాలు నన్ను చాలా బాధపెడతాయి. పప్పు తింటే చీము పడుతుందని, కూరలు వద్దని, నీళ్ళు ఎక్కువ తాగితే కుట్లు నానిపోతాయని చెప్పి, ఆమెకు కారప్పొడి అన్నం పెట్టి కూర్చోబెడతారు. నాలుగో రోజుకు మలబద్ధకం మొదలవుతుంది. విరేచనానికి కూర్చుని ముక్కడం ఈ కుట్లకు బిందె ఎత్తడమంత చెరుపు. పప్పు చీము పట్టించదు. గాయం మానడానికి పప్పు, గుడ్డు, పాలు కావాలి. ఆకుకూరలు, బొప్పాయి, జామపండు పెట్టండి, నీళ్ళు దండిగా తాగించండి. డాక్టరు విరేచనం మెత్తబడే మందు రాస్తే, బాగానే ఉంది కదా అని మానేయకండి. ఇంట్లో కమోడ్ లేకపోతే కమోడ్ కుర్చీ అద్దెకైనా తెచ్చి, కాళ్ళ కింద చిన్న పీట వేయండి. ముక్కకుండా పని జరుగుతుంది.

దగ్గు కూడా అలాంటి శత్రువే. శ్రీకాకుళం, విశాఖ వైపు పెద్దవాళ్ళలో అడ్డపొగ, అంటే నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అమ్మలు నా వార్డుకు వచ్చేవారు. చుట్ట మానమంటే ఒక అమ్మ కన్నీళ్ళు పెట్టుకుంది, నలభై ఏళ్ళ అలవాటు మరి. కానీ పొగ దగ్గు తెస్తుంది, గాయాన్ని కూడా త్వరగా మాననివ్వదు. దగ్గు గాని తుమ్ము గాని వచ్చేటప్పుడు కింది కండరాలను బిగపట్టడం అలవాటు చేసుకుంటే కుట్ల మీద ఒత్తిడి తగ్గుతుంది.

ఆ బిగపట్టడమే ఒక వ్యాయామం. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు దాన్ని లోకానికి చెప్పాడు. అపానవాయువును ఆపుకుంటున్నట్టుగా కండరాలను లోపలికి, పైకి లాగి, ఐదు లెక్కపెట్టి వదలాలి. పొట్ట, తొడలు బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. రోజుకు మూడు పూటలా, పూటకు పదిసార్లు. మొదలుపెట్టే రోజు మాత్రం డాక్టరే చెప్పాలి. మూత్రపు గొట్టం ఉండగా చేయకండి.

ఇప్పుడు సిగ్గుపడి ఎవరూ అడగని విషయాలు. నాలుగు నుంచి ఆరు వారాల దాకా పలచని తెల్లని లేదా పసుపు రంగు స్రావం ఉండవచ్చు, అది లోపలి కుట్లు కరగడం వల్లే. దారపు ముక్కలు బట్టకు కనిపించవచ్చు. కుట్లు ఊడిపోయాయని భయపడకండి, కరిగి రాలుతున్నాయి. లోపల ఏమీ పెట్టకూడదు, లోపల కడగకూడదు. భార్యాభర్తల కలయిక ఆరు వారాల తరువాత, డాక్టరు పరీక్ష చేసి సరేనన్నాకే. ఈ మాట వింటున్న భర్తలకు చెబుతున్నాను. ఆమె వద్దని చెప్పలేకపోవచ్చు, చెప్పే అవసరం ఆమెకు రానివ్వకండి. ఇంకొకటి. ముందు లేని మూత్రం జారడం కొందరికి ఆపరేషన్ తరువాత కనిపిస్తుంది. జారిన మూత్రసంచి మూత్రనాళాన్ని మడతపెట్టి ఉంచడం వల్ల లోపం ఇన్నాళ్ళూ దాగి ఉంది. మడత విడిపోయింది, లోపం బయటపడింది. దానికీ చికిత్స ఉంది, దాచుకోకుండా చెప్పండి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకూడదు. గుడ్డ తడిసిపోయేంత రక్తం, చలితో జ్వరం, దుర్వాసనతో స్రావం, మూత్రం ఆగిపోవడం, పెరిగే కడుపునొప్పి, ఒక పిక్క వాచి నొప్పి పుట్టడం, ఊపిరి ఆడకపోవడం, వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. 108కు ఫోను చేయండి.

ఆపరేషన్ చేసినా కొందరికి కొన్నేళ్ళ తరువాత మళ్ళీ జారుతుంది. ఆ మాట మీకు ముందే చెప్పడం మా బాధ్యత. మళ్ళీ జారితే అది ఆమె తప్పని ఎవరూ అనకూడదు. నాలుగు కాన్పులు చూసిన శరీరం అది.

మా అక్క మూడో నెల పరీక్షకు నేనే తోడు వెళ్ళాను. అంతా బాగా మానిందని డాక్టరమ్మ చెప్పారు. తిరిగి వచ్చాక వాళ్ళింట్లో ఒక మార్పు చూశాను. బిందెను నడుమెత్తు గట్టు మీద పెట్టేశారు. బావగారు పొద్దున్నే చిన్న బకెట్టుతో నీళ్ళు తెచ్చి నింపుతున్నారు. అక్క అందులోంచి చెంబుతో ముంచుకుంటోంది.

సెలవు. నమస్కారం.