మూడోసారి నొక్కితే వచ్చే వెలుగు

శ్రోతలందరికీ నమస్కారం.

కరెంటు పోయింది. చీకట్లో తడుముకుంటూ వెళ్లి గూట్లో ఉన్న టార్చిలైటు తీశాను. ఒకసారి నొక్కితే పెద్ద వెలుగు. కళ్లకు మరీ ఎక్కువైందని ఇంకోసారి నొక్కితే చిన్న వెలుగు. ఈసారి ఆరిపోతుందిలే అనుకుని మూడోసారి నొక్కాను. ఆరలేదు సరికదా, టపటపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. గోడలు, గిన్నెలు, ఎదురుగా కూర్చున్న మనవడి మొహం, అన్నీ నిమజ్జనం ఊరేగింపులో ఉన్నట్టు ఊగిపోతున్నాయి. "అబ్బా, ఆపండీ ఆ వెధవ లైటు!" అని వంటింట్లోంచి కేక. మీ ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఈ కేక వినిపించే ఉంటుంది.

ఆ కొట్టుకునే వెలుగునే స్ట్రోబ్ అంటారు. ఈ రోజుల్లో బజార్లో కొనే చార్జింగ్ టార్చిల్లో చాలావాటికి ఉంటుంది. ఎందుకు పెట్టారయ్యా అని కొట్టతన్ని అడిగితే, "అది మోడండీ, దానికి డబ్బులేం తీసుకోవట్లేదు" అన్నాడు. ఆయన మాటలో నిజముంది. పాత బల్బులో తీగ వేడెక్కితే వెలుగు, చల్లబడితే చీకటి. ఆ రెంటికీ కాస్త వ్యవధి కావాలి. ఎల్‌ఈడీకి ఆ పేచీ లేదు, సెకనుకు వేలసార్లు ఆరి వెలగమన్నా వెలుగుతుంది. ఎలాగూ లోపల గోరంత చిప్ ఉంది కాబట్టి, కంపెనీవాళ్లు దానికి ఈ పని కూడా నేర్పి వదిలారు. మనకు మాత్రం ఎవరూ నేర్పలేదు.

మా తాతయ్యకు నేర్పక్కర్లేకపోయింది. ఆయన దగ్గర మూడు బ్యాటరీల స్టీలు టార్చి ఉండేది. దానికి జారుడు మీటతో పాటు చిన్న నొక్కుడు గుండీ ఒకటి. నొక్కినంతసేపే వెలుగుతుంది. రాత్రిపూట పొలానికి వంతు నీళ్లు పెట్టుకునేటప్పుడు తూము దగ్గర ఆయన, చివరి మడి దగ్గర పాలేరు. అరిస్తే వినపడనంత దూరం. నీళ్లు అందగానే అవతల నుంచి రెండుసార్లు మిణుకు మిణుకుమనేది. తాతయ్య ఒకసారి మిణుకుమనిపించి తూము మూసేవాడు. టార్చికి ఉన్న రెండో పని అదే. ఒకటి మనం చూడటానికి, రెండోది మనం ఎక్కడున్నామో అవతలివాళ్లు చూడటానికి. స్ట్రోబ్ ముఖ్యంగా పనికొచ్చేది ఆ రెండో పనికే. వంట చేసుకోవడానికి వాడితే చిరాకే మిగులుతుంది.

నాకిది బాగా తెలిసొచ్చింది ఒక వానాకాలం రాత్రి. మా మావయ్యగారికి గుండెల్లో పట్టేసినట్టుందన్నారు. 108కి ఫోన్ చేశాం. మాది ఊరి చివర కొత్తగా పడ్డ లేఅవుటు. ఇంటి నంబర్లు వరసలో ఉండవు, ఆ రాత్రి వీధి దీపాలూ లేవు. అంబులెన్సు రోడ్డు మీదికి వచ్చేసింది, సైరన్ వినపడుతోంది. కానీ మా సందు దాటి ముందుకు వెళ్లిపోయింది. ఫోన్లో డ్రైవరు, "ఎక్కడండీ, రాఘవాపురం బోర్డు దాటానండీ" అంటున్నాడు. వేపచెట్టు పక్కన అని నేనంటున్నా. చీకట్లో ఏ చెట్టు వేపచెట్టో ఎవరికి తెలుస్తుంది? మా అబ్బాయి మేడమీదికి పరిగెత్తి టార్చి స్ట్రోబ్‌లో పెట్టి ఆకాశంలోకి, రోడ్డు వైపుకి ఊపాడు. రెండు నిమిషాల్లో బండి వెనక్కి తిరిగి వచ్చింది. డ్రైవరు దిగుతూనే, "మామూలు లైట్లు ప్రతి ఇంటికీ ఉంటాయండీ, ఆ కొట్టుకునేది చూసి తిప్పానండీ" అన్నాడు.

మన కంటి మధ్యభాగం వివరాలు చూడటానికి, చుట్టుపక్కల భాగం కదలికను పసిగట్టడానికి. ఒక దీపం నిలకడగా వెలుగుతుంటే కంటి కొసలు దాన్ని పట్టించుకోవు. అదే ఆరి వెలుగుతుంటే, మనం ఎటు చూస్తున్నా మన చూపు దానివైపే మళ్లుతుంది. పైగా సెకనుకు పదిసార్ల దగ్గర కొట్టుకునే దీపం, అంతే బలమున్న నిలకడ దీపం కన్నా కాంతివంతంగా తోస్తుందని కంటి మీద ప్రయోగాలు చేసినవాళ్లు చాలాకాలం కిందటే కనిపెట్టారు. బ్యాటరీకీ ఇదే నయం. సగంసేపు ఆరే ఉంటుంది కాబట్టి చార్జింగు ఇంచుమించు రెట్టింపు కాలం వస్తుంది.

అయితే టార్చి కంపెనీల మీద నాకో ఫిర్యాదు ఉంది. వేగం మరీ ఎక్కువ పెడుతున్నారు. రాత్రి ఆకాశంలో వెళ్లే విమానాన్ని చూడండి. రెక్కల చివర మెరుపు ఇంచుమించు సెకనుకు ఒకటి. నిబంధన ప్రకారం ఆ మెరుపులు నిమిషానికి 40కి తగ్గకూడదు, 100 దాటకూడదు. సెకనుకు పదిసార్లు కొట్టేది ఎదుటివాణ్ణి తికమక పెడుతుంది, నిమిషానికి అరవైసార్లు మెరిసేది పిలుస్తుంది. మీ టార్చిలో నెమ్మదిగా మెరిసే మోడ్ ఉంటే అదే వాడండి. లేదంటే మామూలు వెలుగు పెట్టి అరచేత్తో మూస్తూ తీస్తూ ఉంటే సరిపోతుంది.

కొన్ని టార్చిల్లో నాలుగో నొక్కుకు ఎస్‌ఓఎస్ కూడా వస్తుంది. మూడు పొట్టి మెరుపులు, మూడు పొడుగువి, మళ్లీ మూడు పొట్టివి. 1906లో బెర్లిన్‌లో జరిగిన వైర్‌లెస్ సమావేశంలో దేశాలన్నీ కలిసి ఆపదలో ఉన్న ఓడల కోసం ఒప్పుకున్న గుర్తు అది. మన పల్లెల్లో దాని అర్థం అందరికీ తెలియకపోవచ్చు. తెలియకపోయినా, అవతల గట్టు మీద ఒక దీపం పట్టుబట్టినట్టు అదే వరసలో మెరుస్తుంటే, సంగతేమిటో చూసొద్దామని ఎవరో ఒకరు బయల్దేరతారు.

ఇక రోడ్డు సంగతి. హైవే మీద రాత్రి టైరు పంక్చరైంది, లేదా బండి ఆగిపోయింది. ఎనభై కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ సెకనుకు 22 మీటర్లు దూసుకొస్తుంది. డ్రైవరు చూసి, ఇదేమిటని గ్రహించి, బ్రేకు మీద కాలు వేసేలోపే మీ బండి దగ్గరికి వచ్చేస్తుంది. అందుకని ముందు మనుషులంతా దిగి రోడ్డు మీంచి పక్కకి, రెయిలింగ్ ఉంటే దాని అవతలికి వెళ్లాలి. బండికి హజార్డ్ లైట్లు వేసి, టార్చిని మెరిసేలా పెట్టి వంద అంగలు వెనక్కి తీసుకెళ్లి రోడ్డు అంచున నేల మీద పెట్టాలి, రోడ్డంచునే నడుస్తూ, ఎదురుగా వచ్చే బండ్లను చూసుకుంటూ. ఇంకా వెనక్కి పెట్టగలిగితే మరీ మంచిది. టార్చి మొహం వచ్చేవాడి కళ్లలోకి కాకుండా నేలకేసి ఉండాలి. కళ్లలో కొడితే అతనికి మీరూ కనపడరు, మీ బండీ కనపడదు. ఎర్ర క్యారీబ్యాగు ఉంటే టార్చి మూతికి చుట్టి రబ్బరు బ్యాండు వేయండి, ఎర్ర మెరుపు తయారు. జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్ చేయొచ్చు. పొగమంచు దట్టంగా ఉంటే మాత్రం చేతిలో స్ట్రోబ్ పట్టుకుని నడవకండి. మబ్బులోకి దూరినప్పుడు పైలట్లు కూడా రెక్కల మెరుపులు ఆపేసుకుంటారు. ఆ తెల్లతెర మీద పడి వెలుగంతా తిరిగి మన కళ్లలోకే వస్తుంది.

దసరాకు భవానీ మాల వేసుకున్నవాళ్లు బెజవాడ కొండకు, శివరాత్రికి శివదీక్ష తీసుకున్నవాళ్లు శ్రీశైలానికి రాత్రిళ్లు రోడ్డు వెంబడి నడుస్తుంటారు కదా. ఆ గుంపులో ఆఖరున నడిచే స్వామి వీపుసంచికి సైకిళ్లకు పెట్టే చిన్న ఎర్ర మిణుకుదీపం ఒకటి తగిలించండి. ముందు నడిచే స్వామి చేతిలో మాత్రం నిలకడైన వెలుగే ఉండాలి. కొట్టుకునే దీపం ఎంత దూరంలో ఉందో కంటికి సరిగ్గా అంచనా అందదు. పైగా కాలి ముందు గుంట ఉందో, పాము ఉందో ఆ వెలుగు చీకట్ల మధ్య తేల్చుకోలేం. చీకట్లో పాము ఉందని అనుమానం వచ్చినప్పుడు స్ట్రోబ్ వేయడం కన్నా తెలివితక్కువ పని లేదు.

జంతువుల మాట వచ్చింది కాబట్టి ఒక కుర్రాడి గురించి చెప్పాలి. కెన్యాలో నైరోబీ నేషనల్ పార్కు పక్కన రిచర్డ్ తురేరే అని పదకొండేళ్ల పిల్లవాడు ఉండేవాడు. సింహాలు వచ్చి వాళ్ల ఆవుల్ని చంపుతున్నాయి. కొట్టం దగ్గర మంట పెట్టాడు, పనిచేయలేదు. టార్చి పట్టుకుని అటూ ఇటూ తిరిగిన రాత్రి మాత్రం సింహాలు రాలేదు. కదిలే వెలుగంటే వాటికి భయమని గ్రహించి, మోటారు సైకిల్ ఇండికేటర్ పెట్టెతో, పాత బ్యాటరీతో కొట్టం చుట్టూ వరసగా మెరిసే బల్బులు బిగించాడు. మనిషి టార్చి పట్టుకుని తిరుగుతున్నట్టు వాటికి భ్రమ. మన దగ్గర మొక్కజొన్న, వేరుశనగ చేలల్లో అడవిపందుల కోసం రైతులు ఇలాంటివే పెడుతున్నారు. పంది తెలివైంది, ఒకే చోట ఒకే తీరున మెరిస్తే కొన్నాళ్లకు పట్టించుకోవడం మానేస్తుంది. చోటు మారుస్తూ ఉండాలి. ఎంత శ్రమైనా సరే, చేను చుట్టూ కరెంటు తీగ లాగడం కన్నా నూరు రెట్లు మేలు. ఆ తీగలకు పందులే కాదు, పొద్దున్నే పొలానికొచ్చిన పక్క రైతులు కూడా బలవుతున్నారు.

ఇంతసేపూ ఎదుటివాళ్లు మనల్ని చూడటం గురించి చెప్పాను. స్ట్రోబ్‌తో మనం చూడదగ్గవి కూడా కొన్ని ఉన్నాయి, తిరిగేవి. రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పి, ఫ్యాను రెగ్యులేటర్ తక్కువలో పెట్టి, కింద నుంచి స్ట్రోబ్ కొట్టి చూడండి. టార్చి సెకనుకు పదిసార్లు మెరుస్తోంది, ఫ్యాను నిమిషానికి 200 చుట్లు తిరుగుతోంది అనుకుందాం. రెండు మెరుపుల మధ్య ఫ్యాను సరిగ్గా చుట్టులో మూడోవంతు తిరుగుతుంది. అంటే ఒక రెక్క ఉన్న చోటికి ఇంకో రెక్క వచ్చి నిలబడుతుంది. మీ కంటికి ఫ్యాను ఆగిపోయినట్టే! కాస్త వేగం పెరిగితే రెక్కలు మెల్లగా ముందుకు పాకుతాయి, తగ్గితే వెనక్కి తిరుగుతాయి. ఒక రెక్కకు తెల్లకాగితం ముక్క అంటించి చూస్తే ఆ ముక్క మూడు రెక్కల మీదా కనపడుతుంది. రెక్కల అంచులు మాత్రం అలుక్కుపోతాయి, టార్చి మెరుపు అంత పొట్టిది కాదు మరి. పెట్రోలు ఇంజన్ టైమింగ్ చూడటానికి పాత మెకానిక్కులు పట్టుకునే పిస్తోలు లాంటి లైటులో మెరుపు ఇంతకన్నా చాలా పొట్టిగా ఉంటుంది.

రేడియోవాళ్లకు ఈ గమ్మత్తు కొత్త కాదు. గ్రామఫోను రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్ అంచున వరసగా చిన్న గీతలుండేవి. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, దానితో వెలిగే చిన్న నియాన్ దీపం ఊపుకు రెండుసార్ల చొప్పున సెకనుకు వందసార్లు మెరుస్తుంది. పళ్లెం నిమిషానికి 33 చుట్లపైన మూడోవంతు తిరగాలి. అంటే ఒక చుట్టుకు 1.8 సెకన్లు, ఆ వ్యవధిలో 180 మెరుపులు. అందుకే గీతలు కూడా 180. గీతలు కదలకుండా నిలబడితే పాట సరైన శ్రుతిలో ఉన్నట్టు. ముందుకో వెనక్కో పాకితే గాయకుడి గొంతు మారిపోయినట్టే.

ఇదే భ్రమ వర్క్‌షాపులో ప్రాణం మీదికి తెస్తుంది. చోకు పెట్టిన పాత ట్యూబులైటు కూడా సెకనుకు వందసార్లు మినుకుతుంది. దాని కింద తిరిగే లేత్ ఒక్కోసారి ఆగినట్టు కనపడుతుంది. అందుకే షెడ్డుల్లో పక్కపక్క ట్యూబులకు వేర్వేరు ఫేజులు ఇస్తారు. ఇంట్లో ఫ్యాను ఆట ఆడే పిల్లలకు కూడా ముందే చెప్పి ఉంచండి, ఆగినట్టు కనపడ్డదాని మీద చెయ్యి పెట్టకూడదని.

ఆటంటే మరో జాగ్రత్త. మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లలో నూటికి ముగ్గురికి మెరుపులు చూస్తే ఫిట్స్ వచ్చే గుణం ఉంటుంది. పిల్లల్లో, కుర్రవాళ్లలో ఎక్కువ. 1997 డిసెంబరు 16న జపాన్‌లో టీవీలో ఒక కార్టూన్ వస్తుండగా, ఎరుపు నీలం వెలుగులు సెకనుకు పన్నెండుసార్లు మెరిశాయి. ఆ సాయంత్రం 600 మందికి పైగా పిల్లల్ని ఆస్పత్రులకు తీసుకెళ్లారు. మన టార్చి వేగం కూడా అటూ ఇటూగా అంతే. అందుకని సరదాకైనా ఎవరి మొహం మీదా కొట్టకూడదు. ఎవరికైనా తేడాగా అనిపిస్తే ఒక కంటిని అరచేత్తో పూర్తిగా మూసి తల పక్కకు తిప్పుకోవాలి. ఊరికే రెప్పలు మూస్తే సరిపోదు, రెప్పల్లోంచి కూడా ఎర్రగా మెరుస్తూనే ఉంటుంది.

దొంగ ఎదురైతే స్ట్రోబ్ కొడితే కుప్పకూలిపోతాడని ప్రకటనల్లో చెబుతారు. కుప్పకూలడు. రెండు మూడు సెకన్లు కళ్లు చెదురుతాయి, ఆ కాస్త వ్యవధిలో పరిగెత్తి అరవడానికి పనికొస్తుంది. అంతకుమించి ఆశలు పెట్టుకోకండి.

నాకు అన్నిటికన్నా నచ్చిన వాడకం టార్చిలో లేదు, ఫోనులో ఉంది. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ అనే చోట, ఫోను మోగినప్పుడు వెనక ఫ్లాష్ మెరిసేలా పెట్టుకునే వీలుంది. వినపడనివాళ్ల కోసం పెట్టారు. మా వీధిలో ఒక పెద్దావిడకు చెవులు బొత్తిగా వినపడవు, కూతురు హైదరాబాదు నుంచి రోజూ వీడియో కాల్ చేస్తుంది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ ఉంటారావిడ. గోడ మీద వెలుగు తళుక్కుమనగానే చేతులు కొంగుకు తుడుచుకుని, "వచ్చెనమ్మా మెరుపు" అని ఫోను అందుకుంటారు.

మా మావయ్యగారు కోలుకున్నారు, రెండు స్టెంట్లు వేశారు. ఆ టార్చి ఇప్పుడు ఆయన మంచం పక్కన మేకుకు వేలాడుతోంది. ఎన్నిసార్లు నొక్కితే ఏది వస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలరు. ప్రతి శనివారం రాత్రి చార్జింగు ఉందో లేదో చూడాలంటూ మేడెక్కి రోడ్డు వైపుకి ఒకసారి కొడతారు. ఎదురింటాయన కిటికీలోంచి, "మావయ్యగారూ, బాగానే ఉన్నారా? లేక బండి పిలవమంటారా?" అని అరుస్తాడు. "టెస్టింగయ్యా, టెస్టింగ్!" అని ఈయన పైనుంచి.

సెలవు.