తిరుపతి నుంచి నేలపట్టు, పులికాట్: దర్శనం తర్వాత ఒక రోజు ఉంటే

అందరికీ నమస్కారం. స్వామి దర్శనం అయింది, ఇంకో రోజు సెలవు ఉంది, ఎక్కడికి వెళ్దాం అని అడిగేవాళ్ల కోసమే ఈ వీడియో. చాలామంది కాణిపాకం, శ్రీకాళహస్తి చూసుకుని ఇంటిదారి పడతారు. తిరుపతి జిల్లాకు సముద్రతీరం ఉందంటే నమ్మనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక సూళ్లూరుపేట, నేలపట్టు, పులికాట్ తీరం మన జిల్లాలోకే వచ్చాయి.

శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వెళ్తే సూళ్లూరుపేటకు ముందే, దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల అభయారణ్యం తగులుతుంది. ఈ ట్రిప్‌లో నా మొదటి ఓటు దీనికే. చెరువు నీళ్లలో సగం మునిగిన చెట్లు, కొమ్మ కొమ్మకీ గూడబాతుల, అంటే పెలికాన్ల గూళ్లు. పిల్లలు తల్లి గొంతు సంచిలో తల దూర్చి చేపలు తింటుంటే అలా చూస్తూ ఉండిపోతాం. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్లకంకణాయిలు కూడా ఆ చెట్ల మీదే కాపురం. వాసన కాస్త ఘాటుగానే ఉంటుంది. కానీ రెట్ట కలిసిన ఆ నీళ్లే కింది పొలాలకు ఎరువు. అందుకే ఊరివాళ్లు ఈ పక్షులను కన్నబిడ్డల్లా చూసుకుంటారు. బైనాక్యులర్స్ తప్పక తీసుకెళ్లండి, ఫోన్‌లో పక్షి చుక్కంత కనిపిస్తుంది.

ఇక పులికాట్. ఉప్పునీటి సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత ఇదే పెద్దది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యలోంచే వెళ్తుంది, అటూ ఇటూ నీళ్లే. ఫ్లెమింగోలు ముక్కు తలకిందులుగా నీళ్లలో పెట్టి బురదను వడగట్టుకుని తింటాయి. అందులోని నాచు, చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవుల వల్లే వాటికి ఆ గులాబీ రంగు. లోతు లేని నీళ్లే వాటికి కావాలి, అలాగని సరస్సు ఎండిపోకూడదు. సముద్రపు నీళ్లు లోపలికొచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతే చేపలు తగ్గుతాయి. జాలర్ల బతుకూ, పక్షుల తిండీ ఒకేసారి దెబ్బతింటాయి. ఆ పూడిక తీయించడం టూరిజం బోర్డులు పెట్టడం కన్నా ముందు జరగాల్సిన పని. మనవైపు నుంచి కనీసం హారన్ కొట్టకుండా, పక్షులను ఎగరగొట్టి ఫొటోలు తీయకుండా ఉందాం.

శ్రీహరికోట లోపల ఇస్రో కేంద్రం ఉంది కాబట్టి అక్కడి బీచ్‌కు వెళ్దామనుకోవద్దు. రాకెట్ ప్రయోగం చూడాలంటే ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. సముద్రమే కావాలంటే వాకాడు వైపు తూపిలిపాళెం ఉంది. జలపాతం ఇష్టపడేవాళ్లకు ఉబ్బలమడుగు ఉంది కానీ అడవిలో నడక ఎక్కువ, దానికి వేరే రోజు పెట్టుకోండి. వానలప్పుడు అటు అసలు వద్దు.

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు మంచి సమయం. మే నెలలో వస్తే పులికాట్‌లో చాలాచోట్ల ఎండిన నేలే కనిపిస్తుంది. నేలపట్టుకు పొద్దున్నే చేరుకోండి, పులికాట్ రోడ్డును ఎండ తగ్గాక సాయంత్రానికి ఉంచుకోండి.