ఆపరేషన్ అయిపోయింది, మరి చెడ్డీ ఎందుకు ఖరాబవుతోంది?

శ్రోతలందరికీ నమస్కారం. అన్నం ముందు కూర్చుని వింటున్నవాళ్లు నన్ను క్షమించాలి. ఈ పూట మాట్లాడబోయేది పిల్లల మోషన్ గురించి. అందులోనూ పుట్టుకతోనే పేగులో లోపం ఉండి ఆపరేషన్ చేయించుకున్న పిల్లల గురించి. హైదరాబాద్‌లో పిల్లల సర్జరీ వార్డులో నర్సుగా పనిచేస్తున్న నన్ను తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "ఆపరేషన్ అయిపోయింది కదా సిస్టర్, ఇంకా చెడ్డీ ఎందుకు ఖరాబ్ చేస్తున్నాడు?"

ముందు జబ్బేమిటో చూద్దాం. హిర్ష్‌ప్రంగ్ జబ్బు అని ఒకటుంది. సుమారు 5000 మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది, మగపిల్లల్లో ఎక్కువ. మన పేగు గోడలో నరాల కణాలుంటాయి. పేగు ముడుచుకుని, వదులై, మలాన్ని కిందికి నెట్టేది వాటివల్లే. బిడ్డ ఇంకా కడుపులో ఉన్నప్పుడే ఈ కణాలు పై నుంచి కిందికి దిగుతూ వస్తాయి. కొందరిలో మలద్వారం దాకా రాకుండా మధ్యలోనే ఆగిపోతాయి. కణాలు లేని ఆ చివరి భాగం ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది, మలాన్ని ముందుకు పోనివ్వదు. పుట్టిన బిడ్డ మొదటి నల్లటి మలం మామూలుగా 24 గంటల్లో, మహా అయితే 48 గంటల్లో పోవాలి. అది పోక, పొట్ట ఉబ్బి, పచ్చటి వాంతులవుతుంటే వాము నీళ్లు పట్టే పని పెట్టుకోవద్దు.

1886లో డెన్మార్క్ డాక్టర్ హెరాల్డ్ హిర్ష్‌ప్రంగ్ ఈ జబ్బును వివరించారు. విపరీతంగా ఉబ్బిన పెద్దపేగే జబ్బుపడిందని ఆ తర్వాత కూడా చాలాకాలం అనుకున్నారు. నిజానికి ఆ ఉబ్బిన పేగు మంచిదే, పాపం దారి లేక ఉబ్బింది. దాని కింద సన్నగా, ఏ దోషం లేనట్టు కనిపించే ముక్కలో ఉంది జబ్బు. ఆ ముక్క తీసేసి, పైనున్న మంచి పేగును కిందికి లాగి కుట్టే ఆపరేషన్‌ను 1948లో అమెరికా సర్జన్ స్వెన్సన్ ప్రకటించారు. మన డాక్టర్లు పుల్ త్రూ అనేది దాన్నే. ఇప్పుడు చాలామందికి పొట్ట కోయకుండా మలద్వారం నుంచే చేస్తున్నారు. అసలు మలద్వారమే లేకుండా పుట్టే పిల్లలు ఇంకొందరు. వాళ్లకు దారి చేసి పెడతారు గానీ, పట్టి ఉంచే కండరాలూ వాటి నరాలూ కొందరిలో పుట్టుకతోనే బలహీనంగా ఉంటాయి.

సరే, ఆపరేషన్ బాగా జరిగింది, కుట్లు మానాయి. చాలామంది పిల్లలు కాలంతోపాటు కుదురుకుంటారు. కొందరికి ఇబ్బంది మిగులుతుంది. ఇక్కడే ఇళ్లలో పెద్ద పొరపాటు జరుగుతుంది.

ఓపీలో ఒకమ్మ నా ముందు కవర్ తెరిచింది. అందులో నాలుగు చెడ్డీలు, ఒక టవల్, ఒక సబ్బు పెట్టె. బాబు యూకేజీ. "మోషన్లు ఆగుతలేవు సిస్టర్, పొద్దున్నించి జర్ర జర్ర అయితనే ఉంటది. మందుల షాపాయన బంద్ అయ్యే గోలి ఇచ్చిండు, అది వేసినా తగ్గలే" అంది. పక్కనే నానమ్మ, "బుద్ధి లేక చేస్తుండు, రెండు తగిలిస్తే ఆగుతది" అంది. డాక్టరు గారు బాబును పడుకోబెట్టి బొడ్డు కింద చెయ్యి పెట్టారు. నన్నూ పెట్టి చూడమన్నారు. గట్టి ఉండలు చేతికి తగులుతున్నాయి. ఎక్స్‌రే తీస్తే పేగు మొత్తం మలంతో నిండిపోయి ఉంది.

అది విరేచనాలు కాదు, మలబద్ధకం. చెరువు నిండితే అలుగు పారుతుంది చూడండి, అదే. లోపల గట్టి మలం పేరుకుపోతే, పైనుంచి వచ్చే పల్చటిది దాని పక్కనుంచి కారిపోతూ ఉంటుంది. తల్లికి కనిపించేది ఆ కారేదే. దాన్ని ఆపడానికి గోలీ వేయడమంటే అలుగుకు అడ్డంగా మట్టి పోయడమే. చెరువు ఇంకా నిండుతుంది.

ఈ పిల్లలకు ముందు పేగు ఖాళీ చేయాలి. ఆ తర్వాత మళ్లీ నిండకుండా రోజూ మందు. మలాన్ని మెత్తబరిచే మందులు వేరు, పేగును కదిలించి బయటికి నెట్టించే మందులు వేరు. సునాముఖి ఆకు నుంచి తీసే మందు రెండో రకం. ఆకు దొరుకుతోంది కదా అని ఇంట్లో కషాయం కాచి పోయకండి. ఎంత మోతాదన్నది ఎక్స్‌రే చూస్తూ డాక్టరు తేల్చాల్సిన లెక్క. ఎందుకు నిండుతోందో కూడా చూడాలి. కుట్టిన చోట ఇరుకైందా, కణాలు లేని ముక్క ఇంకా కొంత మిగిలిందా, మలద్వారం కండరం వదులు కావడం లేదా? లేక నొప్పికి భయపడి పిల్లవాడే బిగబట్టుకుంటున్నాడా? ఇంటికి పంపేటప్పుడు దారి ఇరుకవకుండా డైలటేషన్, అంటే మలద్వారాన్ని మెల్లగా వెడల్పు చేయడం, నేర్పిస్తే, బిడ్డ ఏడుస్తున్నాడని మధ్యలో మానేసేవాళ్లున్నారు. ఏడుపు చూడలేకే మానేస్తారు, తెలుసు. కానీ ఇరుకైతే మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సి రావచ్చు.

చెడ్డీ ఖరాబు చేసే పిల్లల్లో ఇంకో రకం ఉంది, మలబద్ధకానికి పూర్తిగా ఎదురు. పేగు ఖాళీగానే ఉంటుంది, కానీ మరీ వేగంగా కదులుతుంది. లేదా పట్టి ఉంచే శక్తి తక్కువ. తిన్నది తిన్నట్టే దిగిపోతుంది. వీళ్లకు అన్నం, అరటిపండు, ఆపిల్ లాంటివి మేలు చేస్తాయి. తీపి జ్యూసులు, నూనెలో వేయించినవి తగ్గించాలి. పాలు కొందరికి పడవు. మోషన్‌ను నెమ్మదింపజేసే మందు ఇక్కడ పనికొస్తుంది, డాక్టరు రాస్తేనే. చెడ్డీలో మరక రెండు రకాల్లోనూ ఒకేలా ఉంటుంది, వైద్యం మాత్రం ఒకదానికొకటి తలకిందులు. అందుకే కడుపుకు మామూలు ఎక్స్‌రే ఒకటి తీయకుండా మందు మొదలుపెట్టడం నాకు నచ్చదు.

అన్నం తిన్నాక పేగు సహజంగానే కదులుతుంది. కాబట్టి టిఫిన్ తర్వాత, రాత్రి భోజనం తర్వాత ఐదు పది నిమిషాలు కూర్చోబెట్టండి. ఇప్పుడు మన ఫ్లాట్లన్నింటిలో కమోడ్లే. దాని మీద ఐదేళ్ల పిల్లవాడి కాళ్లు గాల్లో వేలాడతాయి, ముక్కడానికి ఆసరా ఉండదు. కాళ్ల కింద ఒక పీట వేయండి, మోకాళ్లు నడుముకంటే కాస్త పైకి రావాలి. చేతిలో ఫోన్ మాత్రం పెట్టకండి, అదొక కొత్త జబ్బు.

మందులతో కుదరని పిల్లలకు రోజుకొకసారి ఎనీమా, అంటే మలద్వారం గుండా పేగులోకి నీళ్లు ఎక్కించడం. ఈ మాట వినగానే సగం మంది తండ్రులు లేచి వెళ్లిపోతారు. ఉద్దేశం చాలా తేలిక: పెద్దపేగును రోజుకొకసారి పూర్తిగా ఖాళీ చేస్తే, మర్నాడు అదే వేళ దాకా చెడ్డీ శుభ్రంగా ఉంటుంది. పిల్లవాడు డైపర్ లేకుండా బడికి పోతాడు. కాచి చల్లార్చిన లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు, అంటే టీస్పూనున్నర. గోరువెచ్చగా ఉండాలి. ఉప్పు లేని వట్టి నీళ్లు ఎప్పుడూ వాడొద్దు, పేగు ఆ నీటిని పీల్చుకుంటే రక్తంలో ఉప్పు పడిపోయి ఫిట్స్ రావచ్చు. షాపులో దొరికే ఫాస్ఫేట్ ఎనీమా కూడా ఈ పిల్లలకు సొంతంగా ఇవ్వకండి. లోపలే నిలిచిపోతే ప్రమాదం. ఎంత నీళ్లు, ఏ గొట్టం అన్నది డాక్టరు చెప్తారు, ఎలా పెట్టాలో మాలాంటివాళ్లం చేసి చూపిస్తాం. నీళ్లు ఎక్కాక పదినిమిషాలు పట్టి ఉంచి, ఆ తర్వాత అరగంట నుంచి ముప్పావుగంట కమోడ్ మీద కూర్చోవాలి. బొమ్మలు గీసుకుంటాడో, ఎక్కాలు చదువుకుంటాడో వాడిష్టం. మోతాదు కుదరడానికి ఓ వారం పడుతుంది. ఆ వారంలో తరచూ ఎక్స్‌రేలు తీసి నీళ్లు పెంచడం, తగ్గించడం చేస్తారు. మొదటి రెండు రోజులకే "పని చేయలేదు" అని మానేయకండి.

ఇప్పుడు చెప్పబోయేది ప్రాణం మీదికొచ్చే సంగతి, రేడియో శబ్దం కాస్త పెంచండి. హిర్ష్‌ప్రంగ్ ఆపరేషన్ అయిన బిడ్డకు జ్వరం వచ్చి, పొట్ట బిగుసుకుని, భరించలేని వాసనతో చిమ్మినట్టు విరేచనాలై, బిడ్డ మందకొడిగా పడి ఉంటే అది మామూలు విరేచనాలు కాకపోవచ్చు. పేగుకు వచ్చే ఎంటెరోకొలైటిస్ అనే వాపు అది. ఆపరేషన్ ఎంత బాగా జరిగినా రావచ్చు, ఎక్కువగా మొదటి ఏడాది రెండేళ్లలో. గంటల్లో ముదురుతుంది. విరేచనాలాపే గోలీ వేయకూడదు, ఓఆర్ఎస్ పట్టి తెల్లవారేదాకా చూద్దామనీ అనుకోకూడదు. క్యాజువాలిటీలోకి అడుగు పెడుతూనే, "మా బాబుకు హిర్ష్‌ప్రంగ్ ఆపరేషన్ అయింది" అని చెప్పండి. డ్యూటీలో ఉన్న డాక్టరు కొత్తవారైనా ఆ ఒక్క మాటతో వైద్యం మారిపోతుంది. డిశ్చార్జి సమ్మరీ ఫొటో అమ్మ ఫోన్లో, నాన్న ఫోన్లో రెండింట్లోనూ ఉండాలి.

నానమ్మలకు ఒక మాట. ఆ పిల్లవాడు కావాలని చేయట్లేదు. రోజూ అదే వాసనలో ఉన్న ముక్కుకు వాసన తెలియదు, కారేది కారుతున్నట్టూ తెలియదు. కొడితే దాచడం నేర్చుకుంటాడు, మరక పడ్డ చెడ్డీలు మంచం కింద దొరుకుతాయి. బడిలో క్లాస్ టీచరుకు ఒక్కరికి విషయం చెప్పి, అడగకుండానే బాత్రూంకు వెళ్లే అనుమతి తీసుకోండి.

పిల్లలు పెద్దవుతారు. పన్నెండేళ్ల అమ్మాయి తల్లి చేత ఎనీమా పెట్టించుకోదు, పెట్టించుకోకూడదు కూడా. అలాంటివాళ్లకు అపెండిక్స్‌ను బొడ్డులోకి తెచ్చి చిన్న దారి చేసే ఆపరేషన్ ఉంది. 1990లో మలోన్ అనే సర్జన్ దాన్ని ప్రకటించారు. ఆ దారిలో సన్నటి గొట్టం పెట్టి, కమోడ్ మీద కూర్చుని తన ఎనీమా తనే పెట్టుకోవచ్చు, హాస్టల్లో ఉన్నా సరే. మీ అమ్మాయికి అది కుదురుతుందో లేదో ఈసారి ఓపీకి వెళ్లినప్పుడు అడగండి. ఖర్చు సంగతి ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను కనుక్కోండి. వెళ్లేటప్పుడు వారం రోజుల మోషన్ లెక్క ఒక కాగితం మీద రాసుకుపోండి: ఏ పూట, ఎంత, గట్టిగానా పల్చగానా. ఆ కాగితం చూస్తే డాక్టరుకు సగం పని అయిపోతుంది. ఇక సెలవు, నమస్కారం.