డాబా మీద సోలార్: భూమిలో ఎర్తు, గోడ మీద బోర్డు

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పిల్లలున్నారు. వెనక, డాబా మీద సోలార్ పెట్టించుకున్నవాళ్లూ పెట్టించుకోబోయేవాళ్లూ ఉన్నారు. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఎలా వస్తుందో మీకందరికీ తెలుసు. ఆ సంగతులు వదిలేసి, మీ డాబా మీద ఏముందో తెలియని మనిషి గురించి మాట్లాడతాను. ట్యాంకు కడగడానికి ఎక్కే కుర్రాడు, లీకేజీకి పూత వేసే తాపీమేస్త్రి, స్తంభమెక్కే లైన్‌మన్, మంటలార్పడానికి వచ్చే ఫైర్ సిబ్బంది. ఎర్తింగూ హెచ్చరిక బోర్డులూ ముందుగా వీళ్ల కోసం.

మెయిన్ ఆపేస్తే కరెంటు పోయినట్టేనని మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. సోలార్ విషయంలో అది నిజం కాదు. 540 వాట్ల ప్యానెల్ ఒక్కటి ఎండలో దాదాపు 50 వోల్టులు ఇస్తుంది. ఆరింటిని వరసగా కలిపితే 300 వోల్టుల డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు. మెయిన్ ఆపినా, ఆ డీసీని ఇంటి ఏసీగా మార్చే ఇన్వర్టర్ ఆపినా, ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్ల నుంచి డీసీ ఐసోలేటర్ దాకా, అంటే డీసీని విడదీసే స్విచ్చు దాకా, ఉన్న కేబుల్లో ఆ వోల్టేజీ ఉంటుంది. మన ఇంటి ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి నిప్పురవ్వ పుట్టినా ఆరిపోయే వీలుంది. డీసీకి ఆ సున్నా లేదు, రవ్వ లేస్తే మండుతూనే ఉంటుంది. అందుకే పిల్లలూ, లోడు మీద, అంటే కరెంటు పారుతూ ఉండగా, ప్యానెల్ తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్‌ను ఎప్పుడూ ఊడదీయకండి.

ఇప్పుడు ఎర్తింగ్, అంటే లోహపు భాగాలను తీగతో భూమికి కలపడం. కోతి కేబుల్ కొరికిందనుకోండి, లేదా రేకు అంచుకు రాసుకుని తొడుగు తెగిందనుకోండి, కరెంటు ఫ్రేములోకి వస్తుంది. ఫ్రేములన్నీ సరిగ్గా ఎర్తుకు కలిసి ఉంటే ఆ లోపాన్ని ఇన్వర్టర్ పట్టుకుంటుంది, ముట్టుకున్న మనిషికీ షాక్ ప్రమాదం బాగా తగ్గుతుంది. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ప్యానెల్ ఫ్రేము అల్యూమినియమే గానీ, దాని మీద తుప్పు పట్టకుండా చేసిన అనోడైజింగ్ పొర ఉంటుంది. ఆ పొర కరెంటును పోనివ్వదు. మామూలు వాషరు వేసి బోల్టు ఎంత బిగించినా చూడ్డానికే ఎర్తు. పొరను చీల్చుకుని లోహాన్ని పట్టుకునే పళ్ల వాషరు గానీ, ఎర్తింగ్ క్లిప్పు గానీ వాడాలి. ఎర్తు కోసం ఫ్రేములో గుర్తు వేసిన రంధ్రం ఉంటుంది, తీగ బిగించాల్సింది దానికే. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో రాగి తీగను నేరుగా అల్యూమినియానికి బిగిస్తే అక్కడ అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. తీగ కొనకు తగరం పూత ఉన్న లగ్గు (బిగించే బిళ్ల), స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టు వాడండి.

డీసీ వైపు ఒకటి, ఏసీ వైపు ఒకటి, పిడుగు కోసం లైట్నింగ్ అరెస్టర్‌కు ఒకటి, ఇలా మూడు ఎర్త్ పిట్లు, అంటే ఎర్తు కడ్డీ దించే గుంతలు, తీయడం మన దగ్గర వాడుక. అరెస్టర్ నుంచి దిగే పట్టీ ఇంటి వైరింగు పక్క నుంచి పోకూడదు, మెలికలు తిరగకూడదు. ఖర్చు తగ్గుతుందని పాత నీళ్ల పైపుకు కలిపేవాళ్లు ఇంకా ఉన్నారు. మధ్యలో ఎక్కడో ఆ పైపు పీవీసీగా మారి ఉంటుంది, అక్కడితో ఎర్తు తెగినట్టే. హైదరాబాద్‌లా కింద బండరాయి ఉన్నచోట ఒక్క కడ్డీ సరిపోదు. దూరం దూరంగా రెండు మూడు దించి కలపాలి. ఎర్తు నిరోధం అయిదు ఓములలోపు రావాలని చూస్తాం. ఆ రీడింగ్ వానాకాలంలో కాదు, నేల ఎండిన మే నెలలో తీయండి.

ఇన్వర్టర్ పొద్దున్నే గ్రిడ్‌కు, అంటే వీధి కరెంటు లైనుకు, కలిసే ముందు ఇన్సులేషన్ (తీగల తొడుగు) బాగుందో లేదో చూసుకుంటుంది. వాన వెలిసిన పొద్దున ‘ఐసో’ ఫాల్ట్ (ఇన్సులేషన్ లోపం) చూపించి, మధ్యాహ్నానికి తానే సర్దుకుంటే ‘పోయిందిలే’ అనుకోకండి. ఎక్కడో తొడుగు తెగి తడి తగులుతోందని అది చెబుతోంది. ఆ కబురు ఊరికే పోనివ్వకండి.

ఇక బోర్డుల సంగతి. మీటరు దగ్గర ‘ఈ ఇంటికి సోలార్ కరెంటు కూడా ఉంది’ అని ఉండాలి. కరెంటు పోతే గ్రిడ్ ఇన్వర్టర్ తానే ఆగిపోవాలి, కానీ స్తంభమెక్కే మనిషి ఆ నమ్మకం మీదే చెయ్యి పెట్టకూడదు. డీసీ కేబుల్ ఉన్న పైపు మీద, అది పోయే దారి పొడవునా ‘పగలంతా కరెంటు ఉంటుంది’ అని రాయాలి. ఇన్వర్టర్ దగ్గర ముందు ఏసీ, తర్వాత డీసీ ఆపాలని, ఆపాక తయారీదారు చెప్పినంతసేపు ఆగి తెరవాలని ఉండాలి. ప్యానెళ్లు, ఐసోలేటర్ ఎక్కడున్నాయో చూపే చిన్న పటం కింద గేటు దగ్గరుంటే ఫైర్ సిబ్బందికి మేడెక్కకముందే తెలుస్తుంది. ఇవన్నీ ఇంగ్లిషులో మాత్రమే ఉంటున్నాయి. తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయించండి. కాగితం స్టిక్కరు ఒక్క ఎండాకాలానికే వెలిసిపోతుంది. చెక్కిన రేకు గానీ, ఎండకు ఆగే ప్లేటు గానీ అడగండి.

ఇంటివాళ్లకు ఒక్క మాట. చివరి వాయిదా డబ్బు ఇచ్చే ముందు ఎర్త్ టెస్టర్‌తో మీ కళ్లముందే కొలిపించి, అంకె, తేదీ పిట్ మూత మీద రాయించండి. టెస్టర్ తెచ్చాను. ఈ బిల్డింగ్ డాబా మీద కూడా ప్యానెళ్లున్నాయి, పిట్లు వెనక వాకిట్లో ఉన్నాయి. పిల్లలూ, పదండి, కొలుద్దాం.