ఊరి నాటకంలో వేషం దొరకాలంటే: పాలమూరు, నల్లగొండ కొత్త నటుల కోసం

నమస్కారం. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో రంగస్థలం ఎక్కాలని ఆశపడుతూ, ఎవరిని అడగాలో తెలియక ఆగిపోయిన వారి కోసం ఈ వీడియో చేస్తున్నాను. మన ఊరి పద్యనాటకానికి ఎంపిక ప్రకటన పత్రికలో రాదు, దరఖాస్తు ఫారం ఉండదు. ఎంపిక జరిగేది హార్మోనియం ముందు, అదీ చాలాసార్లు మొదటి పద్యం ముగిసేలోపే. కనుక నాటకం ఎక్కడ తయారవుతోందో ముందుగా పసిగట్టడం ఎలా, హార్మోనియం మాస్టరు ముందు కూర్చునేనాటికి ఏం సిద్ధం చేసుకోవాలి అన్నవే ఈరోజు మాట్లాడుకుందాం.

(తెరపై: ఒక నాటకం కరపత్రం)

ముందుగా ఈ కరపత్రాన్ని చదవడం నేర్చుకోండి. పైన దేవుడి బొమ్మ, కింద నాటకం పేరు, దాని తర్వాత పాత్రల పట్టిక ఉంటాయి. చాలామంది కృష్ణుడు ఎవరు, దుర్యోధనుడు ఎవరు అని చూసి పక్కన పెట్టేస్తారు. మీరు చూడవలసింది అడుగు వరుస. హార్మోనియం, తబలా, దుస్తులు, మైక్ సెట్ ఎవరివో అక్కడ రాసి ఉంటుంది. ఒకే హార్మోనియం మాస్టరు నాలుగైదు ఊళ్లకు నాటకం నేర్పుతుంటారు కనుక, ఎక్కడ ఏ పాత్ర ఖాళీగా ఉందో అందరికంటే ముందు తెలిసేది ఆయనకే. దుస్తులు, తెరలు అద్దెకిచ్చేవారికి, మైక్ సెట్ యజమానికి కూడా నాటకం తేదీ ఊరివారితో సమానంగా తెలుస్తుంది. వారిని పరిచయం చేసుకోవడానికి మొహమాటపడకండి.

పట్టికలో ఇంకొకటి గమనించండి. మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఒకే పాత్రకు ఇద్దరు ముగ్గురి పేర్లు కనిపిస్తాయి. హరిశ్చంద్ర నాటకంలోనైతే వారణాసి సీనుకు ఒకరు, కాటి సీనుకు మరొకరు హరిశ్చంద్రుడి వేషం కడతారు. రాత్రంతా సాగే నాటకంలో ఒకే గొంతు అన్ని పద్యాలూ మోయలేదు కాబట్టి ఈ పద్ధతి వచ్చింది. కొత్తవారికి ఇది మంచి అవకాశం. పాత్ర మొత్తం అడగకుండా, పద్యాలు తక్కువగా ఉన్న ఒక్క సీను అడిగితే మాస్టరు కాదనడానికి కారణాలు తగ్గిపోతాయి.

ఇక కాలం సంగతి. నాటకాలు ఎక్కువగా పడేది శివరాత్రి జాగరణకు, శ్రీరామనవమికి, జాతరలకు. కార్తీకంలో కురుమూర్తి, మాఘంలో మన్యంకొండ, చెర్వుగట్టు జాతరలు జరుగుతాయని మనందరికీ తెలుసు. ఆ చుట్టుపక్కల పండుగ రోజుల్లో నాటకం ఉందంటే, రిహార్సల్ అంతకు ఒకటి రెండు నెలల ముందే మొదలై ఉంటుంది. శివరాత్రి నాటకంలో వేషం కావాలనుకునేవారు సంక్రాంతికి ముందే అడగాలి. నాటకం చూసిన మర్నాడు ఉత్సాహం పొంగి అడిగితే అప్పటికి అవకాశం దాటిపోతుంది.

(తెరపై: హార్మోనియం మెట్లు, దగ్గరగా)

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అదే శ్రుతి, అంటే పాడటానికి మీరు ఆధారంగా పట్టుకునే స్వరం. ఇదిగో, ఈ తెల్ల మెట్టు ఒకటో శ్రుతి, దాని పక్కనున్న నల్ల మెట్టు ఒకటిన్నర, ఆ తర్వాత తెల్లది రెండు, నల్లది రెండున్నర. మూడుకు, నాలుగుకు మధ్య నల్ల మెట్టు లేదు, అందుకే మూడున్నర శ్రుతి అని ఎవరూ అనరు. మీ శ్రుతి ఏదో తెలుసుకోవాలంటే, ఒక మెట్టును షడ్జమంగా, అంటే ‘స’గా పట్టుకొని కిందికి దిగి పంచమం (ప) పలకండి. అది గాలిలో కలిసిపోకుండా నలుగురికీ వినబడాలి. తర్వాత పైకి వెళ్లి పై షడ్జమాన్ని దాటి గాంధారం (గ) అందుకోండి. అక్కడ గొంతు పగలకూడదు, మెడ నరాలు బిగుసుకోకూడదు. ఈ రెండు కొసలూ సుఖంగా అందిన మెట్టే మీ శ్రుతి. హార్మోనియం లేనివారు ఫోనులో శ్రుతిపెట్టె యాప్ పెట్టుకొని ఇదే పరీక్ష చేసుకోవచ్చు. మైకులు లేని రోజుల్లో నటులు హెచ్చు శ్రుతిలో పాడక తప్పేది కాదు. ఇప్పుడు మైకు ఉంది. పేరున్న నటుడు పాడే శ్రుతి మనకూ కావాలని పట్టుబడితే మూడో పద్యానికి గొంతు పోతుంది. ఈ ఒక్క విషయంలో నేను రాజీ పడను. శ్రుతి తేలిన తర్వాతే పాత్ర గురించి ఆలోచించండి.

పద్యం ఎంచుకునేటప్పుడు ఉత్పలమాలో చంపకమాలో ఒకటి చాలు. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలుంటాయి, పదో అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరవలసిన చోటు. కొత్తవారు ఆ యతి దగ్గర ఊపిరి తీసుకుంటారు, దాంతో మాట మధ్యలో విరిగి అర్థం చెడుతుంది. అలా కాకుండా, పద్యాన్ని ముందు వచనంలా అన్వయం చేసుకొని, భావం ఎక్కడ ఆగుతుందో పెన్సిలుతో గీత పెట్టుకోండి. రాగం లేకుండా పది మందికి అర్థమయ్యేలా చదవగలిగిన తర్వాతే మోహన రాగంలోనో కల్యాణి రాగంలోనో ఎత్తుకోండి. చివర రాగం తీయడం జనానికి ఇష్టమే, ఈలలు కూడా పడతాయి. అయితే ఎంపిక సమయంలో పద్యం కంటే రాగం పొడవైతే, అక్షరాలను దాచడానికే సాగదీస్తున్నారని మాస్టరు గ్రహిస్తారు. శ, ష, స తేడా, ల, ళ తేడా, ఒత్తులు స్పష్టంగా పలకాలి.

రిహార్సల్ దగ్గరికి వెళ్లినప్పుడు సంభాషణ ఇంతే ఉంటుంది. “ఏదన్న పద్యమొస్తదా?” అని మాస్టరు గారు అడుగుతారు. “ఒకటొస్తది సార్, రెండో శ్రుతిల పాడుత” అని చెప్పండి. శ్రుతి చెప్పి పాడేవారిని వెంటనే పంపించివేయరు. ఆ రోజు వేషం దొరకకపోయినా కూర్చొని వినండి. నకులుడో ద్వారపాలకుడో మానుకున్న రోజు, రోజూ వచ్చి కూర్చునేవారినే పిలుస్తారు. పద్యం పాడగల అమ్మాయిలకు మరీ గిరాకీ ఉంది, ఎందుకంటే స్త్రీ పాత్రలకు ఇప్పటికీ చాలా ఊళ్లవారు బయటి నుంచి కళాకారిణులను పిలిపించుకుంటున్నారు.

పద్యం రానివారికి సాంఘిక నాటిక ఉంది. తెలంగాణ రైతాంగ పోరాటాన్ని సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో నాటకంగా రాస్తే, ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. ఆ వారసత్వం ఉన్న నల్లగొండలో నాటికకు వెళ్లేవారు తమ ఇంటి భాషను దాచుకోనవసరం లేదు. సహజంగా మాట్లాడటమే అక్కడ ప్రధానం. శాస్త్రీయంగా చదువుకోవాలనుకుంటే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగం ఉంది. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయంలోనూ ఆ కోర్సులున్నాయి. ఆకాశవాణి నాటక కళాకారులకు స్వర పరీక్ష నిర్వహిస్తుంది, ఆ ప్రకటనల మీద కూడా కన్నేసి ఉంచండి.

వేషం ఖాయమయ్యాక డబ్బు సంగతి మొదటి రోజే అడగండి. కొన్ని ఊళ్లలో మాస్టరు ఖర్చు, దుస్తుల అద్దె నటులే తలా ఇంత వేసుకుంటారు. మీ వాటా ఎంత, ఎప్పుడు ఇవ్వాలి, నాటకం వాయిదా పడితే ఏం చేస్తారు అన్నవి అందరి ముందూ తేల్చుకోండి. ఆ తర్వాత మీ పార్టును చేతిరాతతో నోటుపుస్తకంలో రాసుకోండి. మీ మాటలతో పాటు, మీకంటే ముందు మాట్లాడే నటుడి చివరి వాక్యాన్ని ఎర్ర సిరాతో రాయండి. ఆ వాక్యం వినపడగానే మీ మాట అందుకునేలా ఇంట్లో ఎవరితోనైనా చదివించుకొని సాధన చేయండి.