కోడంబాకం ‘ఆర్ట్స్ డిస్ట్రిక్ట్’ ఫ్లాట్లు: ఫిడేలు పట్టుకెళ్లి చూశాం

నమస్కారం అండీ, బాగున్నారా. ఎప్పుడూ టేపు, టార్చిలైటు పట్టుకుని నేనొక్కదాన్నే ఫ్లాట్లు చూడ్డానికి వెళ్తాను కదా. ఈసారి మా నాన్నని కూడా తీసుకెళ్లాను. ఆయన తన ఫిడేలు పెట్టె తెచ్చుకున్నారు. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

చూసింది చెన్నైలో, కోడంబాకం, వడపళని చుట్టుపక్కల ఒక కొత్త ప్రాజెక్టు. ఇంతకంటే గుర్తు చెప్పను, బిల్డర్ పేరు అసలే చెప్పను. మీరు కనిపెట్టినా దయచేసి కామెంట్లలో రాయకండి, నాకు లాయర్ ఖర్చులు పెట్టించకండి. రెండు టవర్లు. కింద షాపులు, ఒక హోటల్, ఆర్ట్ గ్యాలరీ, చిన్న ఆడిటోరియం. వాటి మీద ఆఫీసులు. ఐదో అంతస్తు నుంచి ఇళ్లు. ఇలాంటి కలగాపులగం బిల్డింగులు ఊరంతా లేస్తున్నాయి కాబట్టి, మీరు వేరే చోట చూస్తున్నా ఈ ప్రశ్నలు పనికొస్తాయి.

బ్రోషర్ మొదటి పేజీలో ఏముందంటే, ‘చెన్నై ఆర్ట్స్ డిస్ట్రిక్ట్‌లో మీ కాండోమినియం’. నాన్న కళ్లజోడు సర్దుకుని చదివి సేల్స్ అబ్బాయిని అడిగారు: "తంబీ, చెంగల్పట్టు జిల్లా తెలుసు, తిరువళ్లూరు జిల్లా తెలుసు. ఇదెప్పుడు ఏర్పాటు చేశారు?" పాపం ఆ అబ్బాయి నవ్వాలో వద్దో తెలియక కాఫీ తెప్పించాడు.

వెటకారం పక్కన పెడితే, ఆ మాటలో అబద్ధం లేదు. నాగిరెడ్డి గారి విజయా వాహినీ స్టూడియో వడపళనిలోనే ఉండేది. ఆ స్థలంలో ఇప్పుడు ఆసుపత్రి ఉంది, 2013లో వచ్చిన మాల్ ఉంది. పక్కనే సాలిగ్రామంలో భానుమతి, రామకృష్ణ గార్ల భరణీ స్టూడియో, ఎల్వీ ప్రసాద్ గారి ప్రసాద్ స్టూడియో. తెలుగు సినిమా హైదరాబాద్‌కి మూటాముల్లె సర్దుకున్నా, పాటల రికార్డింగు, రీరికార్డింగు చాలా ఏళ్లు ఇక్కడే జరిగాయి. మా నాన్న 1978లో తెనాలి నుంచి వచ్చి ఆ ఆర్కెస్ట్రాల్లో వెనక వరసలో కూర్చుని ఫిడేలు వాయించారు. తెర మీద పేరు పడని వాళ్లలో ఒకరు. మేం చూసిన ఈ స్థలంలో కూడా ఒకప్పుడు ఒక రికార్డింగ్ థియేటర్ ఉండేది. అందుకే ఆయన్ని రమ్మన్నాను.

లాబీ దగ్గర ఒక సంగతి జరిగింది. గాజు తలుపు పైన పాత థియేటర్ ఎర్ర దీపం పెట్టారు, అలంకారానికి. అది వెలుగుతోంది. నేను లోపలికి వెళ్లిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే నాన్న బయటే ఆగిపోయి ఉన్నారు. ఆ దీపం వెలిగిందంటే లోపల టేక్ నడుస్తోందని అర్థం, ఎవరూ తలుపు తీయకూడదు, దగ్గు వచ్చినా మింగాలి. అన్నేళ్ల అలవాటు కదా, కాళ్లే ఆగిపోయాయట. సెక్యూరిటీ ఆయన శ్రీకాకుళం మనిషి, తెలుగులోనే అన్నాడు: "రండి బాబూ, అది ఎప్పుడూ ఆరదు, దానికి స్విచ్ లేదు."

సరే, ఫ్లాట్ దగ్గరికి వద్దాం. మొదటి టవర్‌లో ఏడో అంతస్తు, రెండు బెడ్‌రూములు. వాళ్లు చెప్పింది 1,380 చదరపు అడుగులు. అది సూపర్ బిల్టప్, అంటే గోడలు, బాల్కనీ, మెట్లు, లాబీల్లో వాటా అన్నీ కలిపిన లెక్క. నేను టేపుతో కొలిస్తే కార్పెట్ ఏరియా 930 వచ్చింది. కార్పెట్ అంటే ఇంటి లోపల వాడుకునే నేల. రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం, లెక్క ప్రకారం అందులో లోపలి అడ్డుగోడలు కలుస్తాయి. బయటి గోడలు, బాల్కనీ, పైపులు వెళ్లే డక్టులు కలవవు. అడుగు 15,500 అంటే మొత్తం 2 కోట్ల 13 లక్షల 90 వేలు. దాన్ని 930తో భాగించండి. మీరు నిజంగా నడిచే నేల అడుగు 23,000. మిగతా 450 అడుగులు ఎక్కడున్నాయంటే బయటి గోడల్లో, బాల్కనీలో, లిఫ్టులో, మెట్ల మీద, లాబీలో. ఆ ఎర్ర దీపం కింద కూడా కొంచెం మీదే.

లోపల గదులు మాత్రం బాగున్నాయి, అనవసరంగా వంక పెట్టను. హాలుకి రెండు వైపులా గాలి వస్తోంది. వంటగది పక్కన యుటిలిటీలో వాషింగ్ మెషిన్ పెట్టాక కూడా మనిషి తిరగొచ్చు. చాలా మోడల్ ఫ్లాట్లలో లాగా చిన్న మంచం వేసి గది పెద్దదిగా చూపించే మోసం ఇక్కడ లేదు. పూజగది అని ఒక అలమర చూపించారు. సర్లెండి.

ఇప్పుడు చెన్నైలో అందరూ అడగాల్సిన మాట: యూడీఎస్. అంటే ఆ మొత్తం స్థలంలో మీ పేరు మీద రాసే విడదీయని వాటా. ఈ ఫ్లాట్‌కి 390 చదరపు అడుగులు. ఇక్కడ ఒక గ్రౌండ్ అంటే 2,400 అడుగులు కదా. మా పాత బిల్డింగ్ ఒక గ్రౌండ్‌లో నాలుగు ఫ్లాట్లు, తలా 600. మా ఫ్లాట్ దీనికంటే చిన్నది, నేల వాటా పెద్దది. టవర్ ఎత్తు పెరిగే కొద్దీ వాటా తగ్గడం మామూలే, అందులో మోసమేం లేదు. కానీ ముప్పై, నలభై ఏళ్ల తర్వాత బిల్డింగ్ పడగొట్టి మళ్లీ కట్టే రోజు వస్తే మీ చేతిలో మిగిలేది ఆ 390. ‘బంగారం లాంటి ఏరియా సార్’ అని చెప్పి అమ్ముతున్నారు కాబట్టి, ఆ బంగారం ఎన్ని కాసులో అడగాలి కదా.

ఇంకొక ఖర్చు. మొదటి టవర్‌కి కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చింది కాబట్టి జీఎస్టీ లేదు. రెండో టవర్ ఇంకా కడుతున్నారు, అక్కడ 5 శాతం, అంటే దాదాపు 10 లక్షల 70 వేలు. అదే ఫ్లాట్, అదే ధర అని సేల్స్ అబ్బాయి అంటాడు, నిజమే. బిల్లు మాత్రం అదే కాదు. కొత్త ఫ్లాట్లకి తమిళనాడులో 2023 డిసెంబర్ నుంచి స్థలం, కట్టడం కలిపి ఒకే విలువ మీద రిజిస్ట్రేషన్. 50 లక్షలు దాటి 3 కోట్ల లోపైతే 5 శాతం స్టాంప్ డ్యూటీ, 2 శాతం రిజిస్ట్రేషన్ ఫీజు. ఈ ఫ్లాట్‌కి చెప్పిన ధర మీదే వేసుకుంటే 15 లక్షలు పక్కన పెట్టుకోండి.

బ్రోషర్‌లో పచ్చగా ఒక పార్కు కనిపిస్తుంది. అది ఓఎస్ఆర్ (ఓపెన్ స్పేస్ రిజర్వేషన్) స్థలం. పది వేల చదరపు మీటర్లు దాటిన స్థలంలో కట్టేటప్పుడు పదో వంతు ఖాళీగా వదిలి ప్రభుత్వ సంస్థకి రాసివ్వాలి. అందులోకి ఊళ్లో వాళ్లెవరైనా రావచ్చు. రావాలి కూడా. నాకేం అభ్యంతరం లేదు. ‘మీ సొంత పార్కు’ అన్న మాటే అభ్యంతరం.

అసలు గొడవ కింద అంతస్తుల్లో ఉంది. గ్యాలరీ, ఆడిటోరియం బ్రోషర్‌లో ఇళ్ల వాళ్ల సౌకర్యాల పేజీలో వేశారు. అవి ఎవరివి అని అడిగాను. రెండుసార్లు అడిగాక సేల్స్ అబ్బాయి చెప్పాడు: బిల్డర్ తన దగ్గరే ఉంచుకున్నాడు, లీజుకి ఇస్తాడు. అంటే నాటకం చూడాలంటే మీరూ టికెట్ కొనాలి. గ్యాలరీకి ఆ రోజు తాళం వేసి ఉంది, గాజులోంచి చూస్తే లోపల టైల్స్ పెట్టెలు. పోనీ, వాళ్లది వాళ్లు నడుపుకుంటారు అనుకుందాం. కానీ మెయింటెనెన్స్ ముసాయిదాలో గ్యాలరీ ముందున్న వరండా దీపాలు, శుభ్రత, సెక్యూరిటీ ఖర్చు మొత్తం చదరపు అడుగు లెక్కన ఇళ్ల మీదే రాశారు. షాపుల ఊసే లేదు. ఇలాంటి బిల్డింగ్ కొనేవాళ్లు అడగాల్సింది ఇదే: కామన్ కరెంటుకి షాపులకీ ఇళ్లకీ మీటర్లు వేరా? అసోసియేషన్‌లో షాపుల ఓనర్లకి ఓటెంత? బేస్‌మెంట్‌లో వాళ్ల కస్టమర్ల బళ్లు ఎక్కడ ఆగుతాయి? నోటిమాట వద్దు, కాగితం మీద చూపించమనండి. తమిళనాడు రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు నంబర్ కొట్టి, అక్కడున్న ప్లాన్‌తో బ్రోషర్‌ని పక్కపక్కన పెట్టి చూడండి. నేను ఆ పని చేసే వెళ్లాను, అందుకే రెండోసారి అడగగలిగాను.

హోటల్ పొగగొట్టం ఎక్కడ తేలుతుందో కూడా చూడండి. ఇక్కడ ఆరో అంతస్తు వెనక వైపు బాల్కనీల పక్కన తేలింది. మేం వెళ్లిన సమయానికి పరోటా కాలుస్తున్నారు. నాన్నకి బాగా నచ్చింది. రోజూ మూడు పూటలా అయితే ఎంత నచ్చుతుందో తెలియదు.

ఇక ఫిడేలు. క్లబ్ హౌస్‌లో ‘మ్యూజిక్ రూమ్’ ఉంది. మూడు వైపులా నున్నటి గోడలు, ఒక వైపు గాజు, నేల మెరిసే టైల్స్. నాన్న పెట్టె కూడా తెరవలేదు. మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టారు. ఆ రికార్డింగు వినండి, మళ్లీ వేస్తున్నాను. ఆ ట్రర్ర్ మన్న మోత వినిపించిందా? ఎదురెదురుగా గట్టి గోడలుంటే శబ్దం వాటి మధ్య బంతిలా కొట్టుకుంటూ ఉంటుంది. రికార్డింగ్ థియేటర్లలో అందుకే గోడలకి చిల్లుల పలకలు, వాటి వెనక మెత్తటి సరుకు, కింద తివాచీ, ఒక తలుపు తర్వాత ఇంకో తలుపు. "ఇక్కడ పది మంది పిల్లలు కూర్చుంటే చేపల మార్కెట్టే" అన్నారు నాన్న. మందపాటి కర్టెన్లు, తివాచీ వేస్తే సగం బాగవుతుంది, పెద్ద ఖర్చు కూడా కాదు. ఎవరూ ఆలోచించలేదు, అంతే.

ఫ్లాట్‌లో మాత్రం ఆశ్చర్యం. ఆయన్ని బెడ్‌రూమ్‌లో వాయించమని నేను పక్క ఫ్లాట్‌లోకి వెళ్లాను. మైవాన్ కట్టడం ఇది. అల్యూమినియం అచ్చుల్లో గోడ, స్లాబు కలిపి కాంక్రీటు పోస్తారు. గోడలోంచి దాదాపు ఏమీ రాలేదు. బాత్రూమ్ డక్టులోంచి, వీధి తలుపు కింద సందులోంచి మాత్రం మోహన రాగం శుభ్రంగా వచ్చింది. అదే కాంక్రీటుకి ఇంకో గుణం ఉంది. రెండంతస్తుల పైన ఎవరో డ్రిల్ వేస్తే మా పళ్లు జివ్వుమన్నాయి. పైగా ఈ గోడలు పగలగొట్టి రెండు గదులు ఒకటి చేసుకుంటాం అంటే కుదరదు.

ఫిడేలు విని సేల్స్ అబ్బాయి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఫిర్యాదు కాదు, పాపం బాగుందని చెప్పడానికే. అప్పుడు అడిగాను: ఇక్కడ ఉండేవాళ్లు రోజూ సాధన చేసుకోవచ్చా? నియమాల ముసాయిదా తీశాడు. వాద్య సాధన సాయంత్రం 5 నుంచి 7 వరకు. మృదంగం, డోలు, డ్రమ్స్ ఇళ్లలో నిషేధం. లాబీలో నిలువెత్తు మృదంగం బొమ్మ ఉంది, ఇత్తడిది. దాన్ని వాయించలేరు కాబట్టి అనుమతి దొరికినట్టుంది.

చుట్టుపక్కల వాళ్ల నిద్ర నాకు తెలియని విషయం కాదు. శబ్ద నియమాలు 2000 నుంచి ఉన్నాయి: నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45, వ్యాపార ప్రాంతంలో 65, 55. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6. ఇల్లూ అంగడీ కలిసిన చోటు ఏ కోవలోకి వస్తుందో సంబంధిత అధికారులు నిర్ణయించాలి. వ్యాపార ప్రాంతం అని తేల్చితే కింద హోటల్ వాళ్ల పాటలకి పది డెసిబెల్స్ ఎక్కువ వెసులుబాటు. పైన ఉన్న పిల్ల వీణకి రెండు గంటలు. ఈ లెక్క ఎవరు వేశారో గానీ, కళ పేరు చెప్పి అడుగుకి డబ్బు తీసుకుంటున్న వాళ్లకి నప్పదు.

మంచివి కూడా చెప్పాలి. 2015 డిసెంబర్ వరద, 2023 డిసెంబర్ మిచాంగ్ తుపాను చూసిన ఊరు కదా, ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్ బేస్‌మెంట్‌లో కాకుండా పైకి పెట్టారు. ఇళ్ల లిఫ్టులు వేరు, ఆఫీసుల లిఫ్టులు వేరు, సామాన్ల లిఫ్టు ఇంకోటి. వడపళని మెట్రో 2015 నుంచి నడుస్తోంది, రెండో దశలో లైట్ హౌస్ నుంచి పూనమల్లి వెళ్లే లైను కూడా అటే. నీళ్లకి మెట్రోవాటర్ (చెన్నై నీటి సరఫరా సంస్థ) కనెక్షన్ ఉంది, అయినా వేసవిలో లారీలు ఎన్ని తెప్పిస్తారో అడిగితే ‘అవసరమైనన్ని’ అన్నాడు. దాన్ని జవాబు కింద నేను రాసుకోలేదు.

నేనైతే రోడ్డు వైపు తీసుకోను, పొగగొట్టం వైపు ఆరూ ఏడూ తీసుకోను. రెండో టవర్ అసలే వద్దు. మొదటి టవర్‌లో తొమ్మిది పైన, తూర్పు వైపు, మెయింటెనెన్స్ పంపకం, సాధన వేళలు మార్చి రాసిస్తే అప్పుడు బేరం మొదలుపెడతాను. అదీ 15,500 దగ్గర కాదు.

వచ్చేటప్పుడు ఆటోలో నాన్నని అడిగాను, ఇక్కడికి మారదామా అని. ఆయన పొద్దున్నే ఐదింటికి లేచి వాయిస్తారు. "మన కింద ఇంటి మామి నా వర్ణం అయ్యేసరికి డికాషన్ దిగుతుందని లెక్క పెట్టుకుంది. ఆవిడ కాఫీ ఏం కావాలి?" అన్నారు.

ఇలాంటి కింద షాపులు, పైన ఇళ్లు ఉన్న చోట ఇప్పటికే ఉంటున్నవాళ్లు మీ నెలవారీ మెయింటెనెన్స్, షాపుల వాళ్లు కట్టేది ఎంతో కామెంట్‌లో రాయండి. బిల్డింగ్ పేరు వద్దు, అంకె చాలు. వచ్చే వారం పల్లావరం వైపు వెళ్తున్నాను. ఉంటాను మరి.