పడవ సీటుకు రెక్సిన్ కొట్టే ముందు

(దృశ్యం: బోర్లా తిప్పిన పాత సీటు. స్క్రూడ్రైవర్ గుచ్చగానే చెక్కలోకి దిగిపోతుంది.)

చూశారా, ఉడికిన కందగడ్డలో దిగినట్టు దిగింది! పైన రెక్సిన్ మాత్రం ఇంకా నిగనిగలాడుతోంది. నేను చేసిన మొదటి సీటు ఇది. రెక్సిన్ వేశాంగా, ఇక నీళ్ళెలా వెళ్తాయిలే అనుకున్నా. కుట్ల సందుల్లోంచి, పిన్నుల పక్కనుంచి వెళ్ళాయి. వెళ్ళినవాటిని మళ్ళీ ఆరనివ్వనిది ఆ రెక్సినే.

బెజవాడ బ్యారేజీకి ఎగువన మనది మంచినీరు, ఉప్పు లేదు, భయం లేదు అంటారు. ఉప్పు ఇనుమును తింటుంది గానీ, చెక్కను తినే బూజుకు మంచినీరే ఇష్టం. హంసలదీవి వైపు సముద్రంలో తిరిగే పడవ కన్నా, వాననీళ్ళు నిలిచిన మన పడవలోనే చెక్క ముందు కుళ్ళుతుంది.

ప్లైవుడ్ కొనేటప్పుడు షీటు మీద ఐఎస్ 710 ముద్ర చూడండి, అది పడవల రకం ప్లైవుడ్‌కు ఉన్న భారత ప్రమాణం. ఐఎస్ 303 ఇంట్లో అల్మారాలకు సరిపోతుంది, పడవకు కాదు. 710 రకాన్ని 72 గంటలు మరిగే నీళ్ళలో ఉంచి పరీక్షిస్తారు. అయితే ఓ మెలిక ఉంది. ఆ పరీక్ష తేల్చేది పొరల మధ్య జిగురు సంగతి. పొరలు మాత్రం చెక్కే కదా, నీళ్ళు తాగుతాయి.

(దృశ్యం: రంగునీళ్ళలో నిలబెట్టిన ప్లైవుడ్ ముక్క. అంచు నుంచి రంగు పైకి పాకుతుంది.)

ఎక్కువ తాగేది రంపం కోసిన అంచు. అందుకే పలక వెడల్పు వైపులకు రెండు పూతల ఎపాక్సీ (హార్డెనర్ అనే ద్రవం కలిపితే గట్టిపడే రెసిన్) వేస్తే, అంచుకు మూడు వేయండి. అడుగు ఎవరికి కనపడుతుందిలే అని వదిలేయకండి, పడవలో నిలిచిన నీటి ఆవిరి తగిలేది దానికే.

బెజ్జాలన్నీ పూతకు ముందే వేయాలి. స్క్రూ బెజ్జం కావలసినదానికన్నా లావుగా వేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని నడిమధ్యన సన్న బెజ్జం వేయండి. ఇక స్క్రూ చెక్కను తాకదు. నీళ్ళు కారడానికి వేసే పెద్ద బెజ్జాల లోపలి గోడలకూ బ్రష్షు తిప్పండి.

ఇక మన ఎండల సంగతి. పొద్దున్నే పూస్తే, ఎండెక్కేకొద్దీ చెక్కలోని గాలి ఉబ్బి పూత నిండా బుడగలు లేస్తాయి. నాకు ఒక సీటంతా అట్ల పెనంలా తయారైంది, మళ్ళీ గీకాల్సి వచ్చింది. సాయంత్రం, చెక్క చల్లబడే వేళ పూయండి. అప్పుడు చెక్కే పూతను లోపలికి పీల్చుకుంటుంది. హార్డెనర్ కలిపింది లోతు డబ్బాలో అలాగే ఉంచితే వేడెక్కి పొగలు కక్కుతుంది. కొంచెం కొంచెం కలిపి పళ్ళెంలో పరవండి. చేతులకు గ్లవ్స్, గీకేటప్పుడు మాస్కు తప్పవు.

మర్నాడు పైన మైనంలాంటి జిడ్డు తగిలితే ముందు నీళ్ళతో కడిగి, ఆరాకే 120 నంబరు ఎమెరీ పట్టండి.

పూత పూర్తిగా గట్టిపడ్డాకే కుషన్ పని. పిన్నులు స్టెయిన్‌లెస్ స్టీలువే, అవీ అడుగు వైపే. మామూలు స్పాంజి నీళ్ళు పట్టి ఉంచుతుంది, నీళ్ళు పీల్చని క్లోజ్డ్ సెల్ ఫోమ్ అడగండి. అడుగున మూత కావాలంటే వల గుడ్డ కొట్టండి, రెక్సిన్ వద్దు.

(దృశ్యం: పూర్తయిన సీటు మీద చెంబుతో నీళ్ళు పోస్తారు.)

కుట్టులోంచి కొన్ని వెళ్ళాయి. ఇప్పుడు కిందికి వంగి చూడండి. బెజ్జంలోంచి చుక్క పడింది... ఇంకోటి. సరే, పదండి, పడవలో బిగిద్దాం.